వీపు తిప్పి నిలబడ్డ మనిషి

సిరోంచలో ఆయన్ని ఇప్పటికీ కండక్టర్ దత్తయ్య అనే పిలుస్తారు. ఉద్యోగం దిగి ఎనిమిదేళ్లయింది. ముప్పై ఏళ్లు మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో సిరోంచ నుంచి అహేరికి, అహేరి నుంచి సిరోంచకు నిలబడి తిరిగిన మోకాళ్లు ఇప్పుడు ఇంటి ముందున్న రెండు మెట్లకే మొరాయిస్తాయి. ముందుగదిలో భార్య దేవక్క పిండిగిర్ని నడుపుతుంది. పొద్దున ఎనిమిదింటికి బెల్టు తిరగడం మొదలైతే మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆ మోత పడలేకే దత్తయ్య వాచనాలయానికి పోవడం అలవాటు చేసుకున్నాడు. అది తాలూకా ఆఫీసు దారిలో ఉన్న రెండు గదుల చిన్న లైబ్రరీ.

దత్తయ్య మాట తెలుగు, చదువు మరాఠీ. ఆ ఊళ్లో ఆయన వయసు వాళ్లందరిదీ అదే కథ. ఇంట్లో తెలుగులో ఏడ్చి, బడిలో మరాఠీలో లెక్కలు నేర్చుకున్నవాళ్లు. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వెళితే అక్కడి తెలుగు బోర్డులు ఆయనకు బొమ్మలతో సమానం. గుడి ఎటో, బస్‌స్టాండ్ ఎటో అడిగి తెలుసుకుంటాడు. వాచనాలయంలో ఎవరో ఇచ్చిన తెలుగు పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి. వాటి మీద దుమ్ము దులపడమే తప్ప విప్పింది లేదు. మరాఠీ పేపర్లతో మొదలుపెట్టి, వేటకథలూ రాజుల కథలూ చదివి, ఇక ఏమీ మిగలని రోజున లైబ్రేరియన్ ప్రణాలి ఒక లావుపాటి నవల తీసి చేతిలో పెట్టింది.

ప్రణాలిది అహేరి. ముప్పై ఏళ్లుంటాయి. ఏడిపించే పుస్తకాలంటే ఆమెకు ప్రాణం.

"కాకా, ఇది సదువుండ్రి. నేనైతే రెండ్రోజులు అన్నం తినలే. ఎంత మంచిగ ఏడిపిచ్చిందో!"

"ఏడిపిచ్చుడు గూడ మంచిగుంటదా?" అని నవ్వుతూనే పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు దత్తయ్య. అది డిసెంబరు నెల.

నవల రాసినామె పుణేలో ఉంటుంది. కథ ఇక్కడిది కాదు. ఎక్కడో పడమటి కొండల్లోది. యమున అనే అమ్మాయికి నొప్పులు మొదలవుతాయి. మొగుడు ఆమెను బస్సులో ఎక్కించి పట్నం ఆసుపత్రికి బయలుదేరతాడు. దారిలో కొండచరియ విరిగి బస్సు ఆగిపోతుంది. యమున ఆ బస్సులోనే చనిపోతుంది. బిడ్డా దక్కదు. మిగిలిన మూడువందల పేజీలూ ఆ మొగుడి బతుకు. బస్సు హారన్ వినబడితే వాడు చెవులు మూసుకుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. భార్య చీర ఒకటి మడత విప్పకుండా పదేళ్లు దాచుకుంటాడు.

ఎనభై నాలుగో పేజీ దగ్గర దత్తయ్య ఆగిపోయాడు. అక్కడ ఒక కండక్టర్ ఉన్నాడు. పేరు లేదు. ఆరంటే ఆరు వాక్యాలు. బస్సులో అంత జరుగుతుంటే ఆ కండక్టర్ వీపు తిప్పి వానను చూస్తూ నిలబడ్డాడనీ, యమున కేకలేవీ అతని చెవికెక్కలేదనీ, ఇలాంటి చావులు అతనికి రోజూ ఉండేవేమో అనిపించిందనీ రాసింది రచయిత్రి.

దత్తయ్య పుస్తకం మూశాడు. ఇల్లంతా గిర్ని మోత. లేచి వెళ్లి ఆ పుస్తకాన్ని జొన్న బస్తాల వెనక తోసేశాడు. పది నిమిషాలాగి మళ్లీ తీసి అదే పేజీ చదివాడు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టే వదిలేసి లేచాడు.

"ఏమయ్యా, గా బుక్కు పట్టుకున్న కాడికెల్లి నీకేమైంది?" అంది దేవక్క. "సచ్చిపోయినోళ్లు గూడ నిజమైనోళ్లు కాదంటివి. మరెందుకు పరేషాన్ అయితున్నవ్? వాపస్ ఇచ్చెయ్యరాదు?"

"ఇస్త."

ఇవ్వలేదు. వారం రోజులు అలాగే తిరిగాడు. చదవబోతే కోపం, మూయబోతే ఇంకా కోపం. కోపం ఎవరి మీదో మాత్రం ఆయనకే తెలియదు.

జరిగిందేమిటంటే, ఇరవై ఏళ్ల కిందట ఆగస్టు నెలలో ఒక పొద్దున దత్తయ్య అహేరి బస్సులో ఉన్నాడు. డ్రైవర్ విలాస్‌ది చామోర్షి. జిమల్‌గట్ట దాటాక ఒక మలుపు దగ్గర ఇద్దరు గోండు ఆడవాళ్లు చెయ్యెత్తి బస్సు ఆపారు. అక్కాచెల్లెళ్లు. చెల్లెలికి నెలలు నిండాయి, నొప్పులు పడుతోంది. అక్క ఆమె నడుము పట్టుకుని ఎక్కించి వెనక సీటులో పడుకోబెట్టింది. పది కిలోమీటర్లు పోయేసరికి వాగు పొంగి కల్వర్టు మీద మోకాలి లోతు నీళ్లు పారుతున్నాయి. నీళ్లు కనబడితే బస్సు దాటించకూడదు. అది నియమం. బస్సులో ముప్పై ఏడుగురున్నారు. వెనక్కి పోదామంటే అప్పటికే వెనకనున్న వాగు కూడా ఎక్కిందని ఒక సైకిలతను వచ్చి చెప్పాడు.

ఆడవాళ్లు ఆ ఇద్దరు గాక ఇంకో ఇద్దరే. ఒక ముసలమ్మకు కళ్లు కనబడవు. ఇంకొకామె చంటిపిల్లతో ఉంది. దత్తయ్య మగవాళ్లందరినీ వానలోకి దింపేశాడు. తన రెయిన్‌కోటు, ఎవరిదో దుప్పటి సీట్ల మధ్య తెరలాగా కట్టాడు. కట్టి, తెరకు ఇవతల వీపు తిప్పి నిలబడ్డాడు. ఎవరూ లోపలికి తొంగి చూడకుండా నాలుగు గంటలు అలాగే నిలబడ్డాడు. మగవాడు చూడకూడని చోట మర్యాద తెలిసిన మగవాడు ఎలా నిలబడతాడో అలాగే నిలబడ్డాననుకున్నాడు. నీళ్లు తగ్గి బస్సు కదిలేసరికి ఆ చెల్లెలు లేదు. కడుపులో బిడ్డా లేదు.

ఈ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. వాగు పొంగి బస్సు ఆలస్యమైందని మాత్రం చెప్పాడు. దేవక్క తడిసిన యూనిఫాం ఉతికి ఆరేసింది. రెయిన్‌కోటు ఏదంటే పోయిందన్నాడు.

జనవరిలో ఒక రోజు దత్తయ్య పుస్తకం తెచ్చి ప్రణాలి టేబుల్ మీద పెట్టి ఎనభై నాలుగో పేజీ తీశాడు.

"గిది ఎట్ల రాసింది ఈమె? కండక్టర్ ఎందుకు తిరిగి నిలబడ్డడో ఈమెకు తెల్సా? పోయి అడిగిందా?"

ప్రణాలి చదివి చూసింది. "కాకా, గిది కాదంబరి గద, నవల. ఉట్టిగ రాసుకున్నదే. అసుంటి కండక్టర్ ఎవలు లేరు."

"లేకపోతే ఎందుకు రాయాలె?"

"కథకు కావాలె గద కాకా. ఒకడు రాయిలెక్క నిలబడితేనే మనకు ఏడుపొస్తది."

"ఓహో. మీకు ఏడుపు రావాలంటే ఒకడు రాయి కావాలె."

పక్క టేబుల్ దగ్గర పేపర్ చదువుతున్నాయన తలెత్తి చూశాడు. ప్రణాలి చిన్నబుచ్చుకుంది. "మీకు అంత బాధ అనిపిస్తే ఆమెకే ఉత్తరం రాయుండ్రి. అడ్రస్ ఎనుక ఉన్నది," అంది మెల్లగా.

ఆ మాట ఆయనకు నచ్చింది. తెల్లకాగితాలు తెచ్చుకున్నాడు. గిర్ని మోతలో, వెనకవైపు వరండాలో కూర్చుని మొదలుపెట్టాడు. ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. ఆయనకు రాయడం వచ్చిన మరాఠీ ఒకటే, డిపోకు రాసే అహవాలు మరాఠీ. ముప్పై ఏళ్లు రాసిన రిపోర్టులు. ఏ తారీఖున, ఏ బండి, ఎన్ని గంటలకు, ఏ కారణం వల్ల ఆలస్యం. కలం పట్టుకుంటే 'పై విషయమునకు అనుసరించి సవినయముగా తెలియజేయునది' అని తప్ప ఇంకోలా కదలదు. నాలుగు సార్లు రాశాడు. నాలుగు సార్లూ డిపో మేనేజర్‌కు రాసినట్టే వచ్చింది. లోపల ఉన్నదంతా తెలుగులో ఉంది. ఆ తెలుగు రాయడానికి ఒక్క అక్షరం రాదు.

ఐదోసారి చించేస్తుండగా ఆయనకు ఆనాటి రిపోర్టు గుర్తొచ్చింది. నకలు పెట్టుకునే అలవాటుంది. ఇనప పెట్టె అడుగున పాత కాగితాల కట్ట విప్పితే, అంచులు పచ్చబడిన ఆ కాగితం దొరికింది. పేజీన్నర ఉంది. వాగు ఎంత లోతు, ఎన్ని గంటలు, ఎంతమంది ప్రయాణికులు, డీజిల్ ఎంత. అందులో ఆ అమ్మాయి గురించి ఉన్నది ఒకటే వాక్యం. 'సదరు సమయమున ఒక స్త్రీ ప్రయాణికురాలు ప్రసూతి వేదనతో మరణించినది.' పేరు లేదు. ఊరు లేదు.

దత్తయ్య ఆ వాక్యం మళ్లీ చదివాడు. పుణేలో ఉన్నామె తనకు ఆరు వాక్యాలిచ్చింది. తాను ఆ అమ్మాయికి ఒక్కటే ఇచ్చాడు. పైగా ఆమె ఎవరినీ చూడకుండా రాసింది. తాను అక్కడుండి రాశాడు.

మర్నాడు విలాస్‌కు ఫోన్ చేశాడు. విలాస్ చామోర్షిలో కొడుకు కిరాణా కొట్లో కూర్చుంటున్నాడు. వాళ్లిద్దరి మాట ఎప్పుడూ సగం హిందీ, సగం మరాఠీ. ఆ రోజు గుర్తుందా అని అడిగాడు దత్తయ్య. గుర్తుందన్నాడు విలాస్. "దాటిద్దామా అని నువ్వడిగితే నేనే వద్దన్నాను గదా?" అన్నాడు దత్తయ్య.

"నువ్వెక్కడన్నావ్? నేను నిన్ను అడగనేలేదు. స్టీరింగ్ నా చేతిలో ఉంటే నిన్నెందుకు అడుగుతాను?" అన్నాడు విలాస్. "దాటిస్తే అందరం పోయేవాళ్లం. నాకు దాని మీద ఏ అనుమానం లేదు. నువ్వెందుకు తవ్వుతున్నావ్ ఇదంతా?"

ఇరవై ఏళ్లు తన నోటి నుంచి వచ్చిందనుకున్న 'వద్దు' అసలు తనది కాదట. ఆ మాటతో బరువు దిగాలి. దిగలేదు. ఇంకా చిరాకు పుట్టింది. తనది కాని తప్పు ఇన్నాళ్లు మోశాడంటే, తనది అయినదేదో దాని కింద ఎక్కడో ఉండే ఉంటుంది.

మార్చిలో, మోకాళ్లకు నూనె రాసుకుని, జిమల్‌గట్ట దాకా బస్సులో పోయి అక్కడి నుంచి ఆటోలో ఆ మలుపుకు వెళ్లాడు. దేవక్కతో అహేరిలో పెన్షన్ పని ఉందన్నాడు. మలుపు పక్క ఊళ్లో, ఆనాడు బస్సులో చనిపోయిన అమ్మాయి అక్క ఇల్లెక్కడని నలుగురిని అడిగితే దారి చెప్పారు. అక్క పేరు సోనుబాయి. ఇంటి ముందు టార్పాలిన్ పరిచి ఇప్పపువ్వు ఆరబోస్తోంది. యాభై అయిదు దాటి ఉంటాయి. తెలుగు బాగానే మాట్లాడింది.

"నేను గా బస్సు కండక్టర్‌నమ్మా. ఆగస్టుల. వాగు కాడ."

సోనుబాయి చేతిలో పువ్వు అలాగే పట్టుకుని ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "ఏం కావాలె ఇప్పుడు? రాసుకోనీకి వచ్చినవా?"

"రాసుకోనీకి కాదు."

"ఎవలొచ్చినా రాసుకొనే పోతరు. ఎంతమంది చచ్చిన్రు, ఎప్పుడు చచ్చిన్రు అని. కూసో."

కూర్చున్నాడు. నవల సంగతి చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియదు. దగ్గర ఇంకేమీ లేదు చెప్పడానికి. యమున గురించి, మొగుడు దాచుకున్న చీర గురించి చెబుతూ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

సోనుబాయి అంతా విని అడిగింది: "అండ్ల మా చెల్లె పేరున్నదా?"

"లేదమ్మా. అది వేరే దిక్కు కథ."

"మరి ఆమె కోసమని నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

"మీ చెల్లె పేరేంది?" అన్నాడు.

"ఇరవై ఏండ్లకు అడుగుతున్నవ్. రాజుబాయి."

ఆయన ఆ పేరును నోట్లో ఒకసారి అనుకున్నాడు. తర్వాత, ఇంతదూరం వచ్చింది అందుకే అన్నట్టు, తాను ఎందుకు వీపు తిప్పి నిలబడ్డాడో చెప్పాడు. మగవాళ్లను దింపింది, తెర కట్టింది, మర్యాద కోసం ఒక్కసారి కూడా వెనక్కి చూడనిది.

"తెల్సు," అంది సోనుబాయి. "నీల్లు అడిగితే ఎనుకకు చెయ్యి చాపి ఇచ్చినవ్. మొకం తిప్పలే."

"అవునమ్మా."

"తిప్పితే మంచిగుండు." ఆమె గొంతులో కోపం లేదు. వానకు ముందు పువ్వు ఎండలేదని చెప్పినట్టే చెప్పింది. "నాకు ఒక్కదానికి చేతగాలే. ఒకలు పట్టుకోవాలె, ఒకలు పిల్లను చూడాలె. నాకు రెండు చేతులే. ఎవలన్న రాండ్రి, ఎవలన్న పట్టుకోండ్రి అని ఎంత ఒర్లిన్నో. మా మాటల ఒర్లిన. ఆ టైముల తెలుగు నోటికి రాలే. నీకు మా మాట రాదు గద."

దత్తయ్య తల వంచుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఆటో అతను తొందరపెడుతుంటే లేచి దండం పెట్టి వచ్చేశాడు.

ఇంటికొచ్చాక ఉత్తరం ఒక్క బిగిన రాసేశాడు. రిపోర్టు మరాఠీలోనే. ఇక దాంతో గొడవపడలేదు. తారీఖు, బండి, వాగు, మగవాళ్లను దింపడం, తెర. రెండుసార్లు రాజుబాయి పేరు రాశాడు. చివర 'మీ కండక్టర్ ఎందుకు తిరిగి నిలబడ్డాడో మీరు విచారించి ఉండవలసింది' అని రాసి పోస్టు చేశాడు. సోనుబాయి అన్న చివరి మాట మాత్రం రాయలేదు.

జవాబు వస్తుందని ఆయన అనుకోలేదు. ఏప్రిల్ నెలాఖరులో వచ్చింది. మంచి కాగితం, గుండ్రటి చేతిరాత. ఆ కండక్టర్‌ను తాను సరిగా చూడలేదని ఒప్పుకుంటున్నానని రాసింది రచయిత్రి. ఉత్తరం చదివి రెండు రోజులు పని చేయలేకపోయానంది. ఆ తర్వాత కింద, 'ఇది రాయవలసిన విషయం. మీకు అభ్యంతరం లేకపోతే ఫోన్లో అంతా వివరంగా చెప్పండి, రాసుకుంటాను' అని నంబర్ ఇచ్చింది.

'రాసుకుంటాను' అన్న మాట దగ్గర దత్తయ్యకు ఒళ్లు మండింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పదకొండు రోజులు తిరిగాడు. పెట్టెలో పెట్టబుద్ధి కాదు, పారేయబుద్ధి కాదు. నవల ఇంకా నలభై పేజీలు మిగిలే ఉంది. ప్రణాలి గడువు పొడిగిస్తూనే ఉంది. పన్నెండో రోజు పొద్దున పదింటికి, దేవక్క గిర్ని హోరులో గోధుమలు పోస్తుండగా, వరండాలో కూర్చుని ఫోన్ కలిపాడు.

రచయిత్రి గొంతు మెత్తగా ఉంది. నమస్కారం పెట్టింది. చెప్పండి, వింటున్నాను అంది. దత్తయ్య మరాఠీలో మొదలుపెట్టాడు. తారీఖు, బండి నంబర్, ప్రయాణికుల సంఖ్య. మళ్లీ అదే రిపోర్టు. రెండు వాక్యాల తర్వాత నాలుక ఆగిపోయింది. ఆమె ఎదురుచూస్తోంది. అప్పుడు ఆయన నోటి నుంచి తెలుగు వచ్చింది.

"అమ్మా, నాకు గోండి వస్తది. ముప్పై ఏండ్లు ఆ బస్సుల తిరిగినోన్కి రాకపోతదా? ఆమె ఒర్లింది నాకు అర్థమైంది. ఎవలన్న రాండ్రి, పట్టుకోండ్రి అని ఒర్లింది. ఒక్కసారి గాదు. అరగంట ఒర్లింది. నాకు సమజ్ కానట్టు నిలబడ్డ. మగోన్ని ఎట్ల పోవాలె అని నాకు నేను చెప్పుకున్న. అది గాదమ్మా. భయమైంది. రక్తం చూస్తే భయమైంది. తిరిగి చూస్తే పోవాలె గద, చెయ్యి పెట్టాలె గద. అందుకని తిరగలే. మర్యాద అని ఇన్నేండ్లు అన్కున్న. మర్యాద గాదు, ఏం గాదు. నువ్వు రాసింది నిజమే. చెవికెక్కలే అని రాసినవ్ సూడు, అదొక్కటి తప్పు. ఎక్కింది."

రెయిన్‌కోటు తెర కట్టిందీ, పెన్షన్ పని అని చెప్పి సోనుబాయి ఇంటికి పోయిందీ కూడా చెప్పాడు. ఎంతసేపు మాట్లాడాడో ఆయనకు తెలియదు. ఫోన్ అవతల ఆమె ఊ కొట్టడం కూడా మానేసింది, కానీ పెట్టేయలేదు. ఆయన ఆపాక, తనకు తెలుగు రాదనీ, దయచేసి మరాఠీలో చెప్పగలరా అనీ నెమ్మదిగా అడిగింది. "అంతే," అన్నాడు దత్తయ్య మరాఠీలో. "ఇంక లేదు." ఫోన్ కట్టేశాడు.

అప్పుడు గమనించాడు, గిర్ని మోత లేదు. ఎప్పుడు పోయిందో కరెంటు పోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ద్వారబంధం దగ్గర జుట్టూ రెప్పలూ పిండితో తెల్లబడి దేవక్క నిలబడి ఉంది. ఆమె చేతిలో సగం నింపిన డబ్బా.

డబ్బా కింద పెట్టి లోపలికి పోయింది. ఆ రోజూ మర్నాడూ మాట్లాడలేదు. అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది. మూడో రోజు చాయ్ గ్లాసు ముందు పెట్టి అక్కడే నిలబడింది.

"ఇరవై ఏండ్లు నా పక్కల ఉంటివి. రెయిన్‌కోటు పోయిందంటివి. పెన్షన్ పని అంటివి. నాకు చెప్పనీకి నోరు రాలే. పూనెల ఉన్నామెకు చెప్తివి."

"ఆమెకు ఏం తెల్సింది? ఆమెకు మన మాట రానే రాదు."

"అందుకే చెప్పినవ్," అంది దేవక్క.

దత్తయ్య చాయ్ తాగలేకపోయాడు.

"గా సోనుబాయికి చెప్పినవా? నీకు గోండి వస్తదని?"

"లేదు."

"మరి ఎవలికి చెప్పాలెనో వాళ్లకు చెప్పక బుక్కులు పట్టుకొని ఏడిస్తే ఏమొస్తది? ఇగ లే. రేపు గిర్ని బంద్. ఇద్దరం పోదాం."

మే నెల ఎండ. బీడీల తునికాకు కోసే కాలం. సోనుబాయి వాకిట్లో ఆకు కుప్ప ముందు కూర్చుని కట్టలు కడుతోంది. దత్తయ్యను చూసి, వెంట వచ్చిన ఆడమనిషిని చూసి, కూర్చోమని చాప లాగింది. దత్తయ్య కూర్చోలేదు. దారి పొడుగునా అనుకున్నవన్నీ మరిచిపోయి ఒక్క ముక్కలో చెప్పేశాడు. తెలుగులో కాదు. వచ్చీరాని గోండిలో. ఆనాడు నువ్వు అరిచింది నాకు అర్థమైంది, అయినా రాలేదు అన్నాడు.

సోనుబాయి చేతులు ఆగలేదు. ఆకులు లెక్కపెట్టి, తాడు చుట్టి, ముడి వేసింది. ఆ తర్వాతే తలెత్తింది.

"తెల్సు నాకు," అంది తెలుగులో. "బస్సు ఎక్కంగనే నువ్వు మా మాటల్నే అడిగినవ్, యాడికి పోవాలె అని."

"మరి మొన్న నాకు మీ మాట రాదు గద అంటివి?" అన్నాడు దత్తయ్య.

"నువ్వేమంటవో చూసిన."

ఆమె తిట్టలేదు. పోనీలే అనీ అనలేదు. కొత్త కట్టకు ఆకులు తీసుకుంది. దేవక్క చాప మీద కూర్చుని, ఎలా కట్టాలో రెండు కట్టలు చూసి, తానూ మొదలుపెట్టింది. ఆడవాళ్లిద్దరూ ఎండ గురించి, ఈసారి ఆకు పలచగా వచ్చిన సంగతి గురించి మాట్లాడుకున్నారు. రాజుబాయి ఎలా ఉండేదని దేవక్క అడిగితే, పొడుగు మనిషనీ, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేదనీ చెప్పింది సోనుబాయి. దత్తయ్య కాసేపు నిలబడి, మోకాళ్లు నొప్పెట్టి, చివరికి కింద చతికిలబడి ఆకులు అందించాడు. ఆయన అందించిన వాటిలో చిరిగినవి తీసి సోనుబాయి పక్కన పడేసింది.

మూడింటి బస్సుకు మలుపు దగ్గరికి వచ్చారు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టర్ ఎవరో కొత్తవాడు, మిషన్ నొక్కి టికెట్ ఇచ్చిపోయాడు. బస్సు గుంతల మీద ఎగిరెగిరి పడుతోంది.

చాలా దూరం పోయాక దత్తయ్య అన్నాడు: "తిట్టినా బాగుండు. నాలుగు తిట్లు తిడితే పాణం నిమ్మలమయితుండె."

దేవక్క గోళ్ల సందున ఇరుక్కున్న ఆకు పసరు గీరుకుంటూ ఉంది.

"నీ పాణం నిమ్మలం చేసుడు గూడ ఆమె పనేనా?" అంది.

దత్తయ్యకు మళ్లీ కోపం వచ్చింది. ఈసారి అది తన మీదేనని తెలిసింది. సిరోంచ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.